మసిగాజుపై సముద్రము

నేడు సముద్రమున మునుగువారు మణికట్టున ధరించు కంప్యూటరు లోతును, నీటి ఉష్ణోగ్రతను వెంటవెంట నమోదు చేయును. ఆ లెక్కలను సాధారణముగ కాలము ననుసరించి గీయుదురు. లోతు ననుసరించి గీచినచో వెచ్చని పైనీటికిని, చల్లని అడుగునీటికిని నడుమనున్న పొర వెంటనే బయటపడును. ఇట్లు గీయుట క్రొత్త గాదు.

1874లో లండనున వెలువడిన నెగ్రెట్టి, జాంబ్రాల తలక్రిందులగు ఉష్ణమాపకము ఒక లోతున ఒక్క అంకెనే తెచ్చెడిది. రెండంకెల నడుమ నేమున్నదో ఊహింపవలసినదే.

1930 దశకమున అమెరికా నౌకాదళమువారి ధ్వనియంత్రము ఉదయమున జలాంతర్గామిని చక్కగా పసిగట్టి, మధ్యాహ్నము విఫలమగుచుండెను. యంత్రమునకును భోజనానంతరము కునుకు పట్టునా! ఎండకు పైనీరు వేడెక్కగా ధ్వని క్రిందికి వంగిపోవుచున్నదని సముద్రశాస్త్రజ్ఞుడు ఐసెలిన్ మున్నగువారు గ్రహించిరి. మరి ఆ పొరను త్వరగా కనుగొను టెట్లు?

1937–38లో అథెల్‌స్టన్ స్పిల్‌హౌస్ నిర్మించిన బాతీథర్మోగ్రాఫులో నీటి ఒత్తిడి మసిపట్టించిన గాజుపలకను జరుపును. ఉష్ణము సూదిని కదల్చును. అందు గడియారము లేదు. పైకి తీయగనే లోతునకు ఉష్ణోగ్రతకు గల సంబంధము గాజుపై గీతగా కనబడును. రెండవ ప్రపంచ యుద్ధమున వేటాడు ఓడలును, పొరక్రింద దాగజూచు జలాంతర్గాములును దీనిని వాడినవి.

నేటి గీతలో మాత్ర మొక చిక్కు గలదు. కంప్యూటరు డొప్ప మెల్లగా చల్లబడును గనుక, దిగునప్పటి గీతయు ఎక్కునప్పటి గీతయు కలియవు. ఆ ఎడము కొంతవరకు యంత్రపు ఆలస్యమే.