కార్ల కంపెనీ మునిగితే తప్పెవరిది? ప్రజాధనం ఎవరిని గట్టెక్కించింది?

2008 నవంబరులో అమెరికాలోని మూడు పెద్ద కార్ల కంపెనీల అధిపతులు ప్రభుత్వ సాయం అడగడానికి వాషింగ్టన్ వెళ్లారు. ముగ్గురూ కంపెనీ జెట్ విమానాల్లోనే వెళ్లారు. చేయి చాచడానికి వచ్చినవాళ్లు అలా దిగడం చూసి చట్టసభ సభ్యులు మండిపడ్డారు. అయితే వారాలు గడిచేసరికి ఆ కోపం దారి మళ్లింది. గంటల లెక్కన కూలి తీసుకునే కార్మికులు దోషుల స్థానంలోకి వచ్చారు.

ప్రైవేటు రంగంలో రిజర్వేషన్లు అడిగిన ప్రతిసారీ ‘కంపెనీ వ్యవహారాల్లో ప్రభుత్వం వేలు పెట్టకూడదు’ అనే మాట మనకు ఎదురవుతుంది. ఆ మాటను పరీక్షించడానికి అమెరికా కార్ల పరిశ్రమ కథ పనికొస్తుంది. అందుకే దాన్ని ఇక్కడ వివరంగా చెబుతున్నాం.

అసలేం జరిగింది

2007లో అమెరికాలో సుమారు 1.6 కోట్ల వాహనాలు అమ్ముడయ్యాయి. 2009కి ఆ సంఖ్య కోటికి కాస్త పైన ఆగింది. 2008 వేసవిలో పెట్రోలు గాలను 4 డాలర్లు దాటడంతో పెద్ద ఎస్‌యూవీలు, పికప్ ట్రక్కులనే నమ్ముకున్న కంపెనీలు ఇరుకున పడ్డాయి. సెప్టెంబరులో బ్యాంకులు కూలడంతో కారు కొనేవాళ్లకూ, తయారుచేసేవాళ్లకూ అప్పు పుట్టలేదు.

డిసెంబరు 11న 1,400 కోట్ల డాలర్ల రుణ బిల్లు సెనేట్‌లో ఆగిపోయింది. వారం తర్వాత అధ్యక్షుడు జార్జ్ బుష్, బ్యాంకుల కోసం కేటాయించిన నిధి నుంచే జనరల్ మోటార్స్ (జీఎం), క్రైస్లర్‌లకు 1,740 కోట్ల డాలర్లు ప్రకటించారు. ఫోర్డ్ ఆ రుణం తీసుకోలేదు. 2009లో ఒబామా ప్రభుత్వం మరింత సొమ్ము పెట్టింది. ఏప్రిల్ 30న క్రైస్లర్, జూన్ 1న జీఎం దివాలా కోర్టుకు వెళ్లాయి. దివాలా నుంచి బయటికి వచ్చిన కొత్త జీఎంలో సుమారు 61 శాతం వాటా అమెరికా ప్రభుత్వానిది. పరిశ్రమ మీద పెట్టిన మొత్తం సుమారు 8,000 కోట్ల డాలర్లు. 2014 డిసెంబరులో లెక్క మూసేసరికి అందులో 900 కోట్లకు పైగా తిరిగి రాలేదు.

‘గంటకు 70 డాలర్ల’ కథ

కార్మికుడికి గంటకు 70 డాలర్లకు పైగా ముడుతోందని, కంపెనీలను ముంచింది అదేనని అప్పట్లో విపరీతంగా ప్రచారం జరిగింది. పాత కార్మికుడి చేతికి వచ్చే మూల వేతనం గంటకు సుమారు 28 డాలర్లు. మిగతాదాంట్లో సెలవులు, బీమా వంటివే కాక, ఎప్పుడో పదవీ విరమణ చేసిన లక్షల మంది వైద్యం, పింఛను ఖర్చు కూడా ఉంది. దాన్నంతా ఇప్పుడు పనిచేస్తున్నవాళ్ల గంటలతో భాగించి ఆ అంకె తెచ్చారు. జపాన్‌లో వైద్య బీమా ప్రభుత్వ వ్యవస్థ. అమెరికాలో అది యజమాని నెత్తిన పడింది. ప్రభుత్వం చేయని పని ఖర్చును కార్మికుడి అత్యాశగా లెక్కగట్టారు.

యునైటెడ్ ఆటో వర్కర్స్ సంఘం తప్పులే చేయలేదని మేము అనడం లేదు. 2007 ఒప్పందంలో కొత్తగా చేరేవాళ్లకు దాదాపు సగం కూలికి ఒప్పుకుని, ఒకే పనికి రెండు వేతనాల పద్ధతికి తలుపు తీసింది ఆ సంఘమే. కానీ ఏ మోడల్ తయారుచేయాలో కార్మికులు నిర్ణయించలేదు. ఇంధన ప్రమాణాలు పెంచవద్దని కంపెనీలు ఏళ్ల తరబడి చేసిన లాబీయింగ్‌లో మాత్రం ఆ సంఘం కూడా చేయి కలిపింది.

సెనేట్‌లో గట్టిగా వ్యతిరేకించినవారిలో అలబామా, టెన్నెస్సీ సభ్యులు ముందున్నారు. మార్కెట్‌కు వదిలేయాలన్నది వాళ్ల వాదన. ఆ అలబామా రాష్ట్రమే 1993లో మెర్సిడెస్ కర్మాగారం కోసం సుమారు 25 కోట్ల డాలర్ల రాయితీలు ఇచ్చింది. టెన్నెస్సీ 2008లో ఫోక్స్‌వ్యాగన్‌ను రప్పించడానికి 50 కోట్ల డాలర్లకు పైగా రాయితీలకు సిద్ధపడింది. అంటే ప్రభుత్వ జోక్యం ఇరువైపులా ఉంది.

నల్లజాతి కార్మికులకు దక్కిందేమిటి

దక్షిణాది నుంచి వలస వచ్చిన నల్లజాతి వారికి డెట్రాయిట్ కార్ల కర్మాగారాల్లో పని దొరికింది. దొరికింది ఎక్కువగా పోతపోసే కొలిమి దగ్గర, రంగులు చల్లే గదిలో. చివర చేర్చుకోవడం, ముందు తీసేయడం వాళ్ల విషయంలో అలవాటైపోయింది. మన దగ్గర చెత్త, మురుగు పనులు ఎవరి వంతుకు వస్తాయో తెలిసినవాళ్లకు ఈ పంపకం కొత్తగా అనిపించదు. 1968 మేలో డాడ్జ్ మెయిన్ కర్మాగారంలో తెల్ల, నల్ల కార్మికులు కలిసి పని ఆపితే, శిక్షలు మాత్రం నల్లవాళ్ల మీదే ఎక్కువగా పడ్డాయి. యాజమాన్యంతో పాటు సంఘ నాయకత్వాన్నీ ప్రశ్నిస్తూ అక్కడ డ్రమ్ అనే విప్లవ సంఘం పుట్టింది.

ప్రభుత్వ జోక్యానికి మరో రూపమూ ఆ నగరం చూసింది. 1981లో జీఎం కొత్త కర్మాగారం కోసం పోల్‌టౌన్ అనే పేటలో సుమారు 4,200 మందిని నగర ప్రభుత్వం ఖాళీ చేయించింది. పోలిష్ వలసదారులూ, నల్లజాతి వారూ కలిసి బతికిన పేట అది. సేకరణకు పట్టుబట్టిన మేయర్ కోల్‌మన్ యంగ్, డెట్రాయిట్ తొలి నల్లజాతి మేయర్. 6,000 ఉద్యోగాలు వస్తాయన్నారు. సేకరణ చెల్లుతుందని మిషిగన్ సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 2004లో అదే కోర్టు మరో కేసులో ఆ సూత్రాన్ని తోసిపుచ్చింది. అప్పటికి పేట లేదు. ‘ప్రజా ప్రయోజనం’ పేరిట అసైన్డ్ భూములు పోగొట్టుకున్న మన దళిత కుటుంబాలకు ఈ కథ వేరే చెప్పనక్కర్లేదు.

కంపెనీకి ఒక న్యాయం, ఊరికి ఒక న్యాయం

1950లో డెట్రాయిట్ జనాభా 18.5 లక్షలు. 2010లో 7.13 లక్షలు. అందులో 80 శాతానికి పైగా నల్లజాతి వారు. 2013 జులైలో ఆ నగరం సుమారు 1,800 కోట్ల డాలర్ల అప్పుతో దివాలా తీసింది. ఈసారి గట్టెక్కించే పథకం రాలేదు. ఫెడరల్ ప్రభుత్వం కొన్ని గ్రాంట్లతో సరిపెట్టింది. ఎన్నికైన మేయర్, కౌన్సిల్ ఉండగానే గవర్నర్ వాళ్ల మీద ఒక అత్యవసర అధికారిని నియమించాడు. సాధారణ ఉద్యోగుల పింఛన్లలో 4.5 శాతం కోత పడింది, ధరలతో పాటు పెరిగే భాగం పోయింది. 2014లో బిల్లు కట్టలేని వేల ఇళ్లకు నీళ్లు ఆపేశారు. అది మానవ హక్కుల ఉల్లంఘన అని ఐక్యరాజ్యసమితి నిపుణులు హెచ్చరించారు.

2009 సాయమే తప్పని మేము అనుకోవడం లేదు. జీఎం మూతపడి ఉంటే విడిభాగాల కంపెనీలూ పడిపోయేవి, మొదట రోడ్డున పడేది నల్లజాతి కార్మికులే. ప్రభుత్వం ఏ షరతులు పెట్టిందన్నది మా ప్రశ్న. జీఎం అధిపతిని ప్రభుత్వం దించగలిగింది. 2015 దాకా సమ్మె చేయబోమని సంఘంతో ఒప్పించగలిగింది. విశ్రాంత కార్మికుల వైద్య నిధికి రావాల్సిన బాకీలో పెద్ద భాగాన్ని నగదుకు బదులు షేర్లుగా మార్చగలిగింది. రెండు వేతనాల పద్ధతిని మాత్రం అలాగే ఉంచింది. దాన్ని చాలావరకు తొలగించడానికి కార్మికులు 2023లో ఆరు వారాలు సమ్మె చేయాల్సి వచ్చింది.

మనం అడగాల్సింది

2019లో మన దేశంలో కార్ల అమ్మకాలు పడిపోయినప్పుడు, యువత ఓలా, ఉబర్ వైపు మొగ్గడం కూడా ఒక కారణమని ఆర్థిక మంత్రి అన్నారు. ఆ నెలలోనే కార్పొరేట్ పన్ను మూల రేటును 30 నుంచి 22 శాతానికి తగ్గించారు. 2021లో వాహన రంగానికి 25,938 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకం ఆమోదించారు. 1981లో ప్రజాధనంతో మొదలైన మారుతిలో ప్రభుత్వం చివరి వాటాను 2007లో అమ్మేసింది. ప్రభుత్వ సంస్థ ప్రైవేటు పరమైతే రిజర్వేషన్ బాధ్యత పోతుంది, ప్రజాధనం మాత్రం రాయితీల పేరుతో వెళ్తూనే ఉంటుంది.

షరతు పెట్టడం అసాధ్యమేమీ కాదు. పెనుకొండ దగ్గర కియా కర్మాగారం మొదలైన 2019లోనే, పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకు ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ శాసనసభ చట్టం చేసింది. హర్యానా చేసిన అలాంటి చట్టాన్ని 2023లో హైకోర్టు కొట్టేసింది కాబట్టి ఆ దారి సులువు కాదు. కానీ అందరికీ వర్తించే చట్టం వేరు, రాయితీ తీసుకునే కంపెనీతో రాసుకునే ఒప్పందం వేరు. భూమి, నీరు, పన్ను మినహాయింపు తీసుకునే ప్రతి కంపెనీ, తన పర్మినెంట్, కాంట్రాక్టు ఉద్యోగుల్లో ఎస్సీ, ఎస్టీలు ఎంతమందో, ఏ పనుల్లో ఉన్నారో ఏటా బయటపెట్టాలి. మొదటి డిమాండ్ ఇదే కావాలని మేము కోరుతున్నాం. లెక్క చేతికొస్తే వాటా అడగడానికి ఆధారం దొరుకుతుంది.