పీర్‌ట్యూబ్: రెండు ఫైళ్లతో సొంత వీడియో సర్వర్.. అప్‌డేట్ దగ్గరే అసలు చిక్కు!

యూట్యూబ్‌లో 90 రోజుల్లో మూడు స్ట్రైక్‌లు పడితే చానల్ పోయినట్టే. ఆ భయం లేకుండా సొంత సర్వర్‌లో వీడియోలు పెట్టుకోవాలనుకునే వారికి పీర్‌ట్యూబ్ ఒక దారి. ఫ్రాన్స్‌కు చెందిన లాభాపేక్ష లేని సంస్థ ఫ్రామాసాఫ్ట్ రూపొందించిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ తొలి పూర్తి వెర్షన్ 2018 అక్టోబర్‌లో వచ్చింది.

దీన్ని విడిగా ఇన్‌స్టాల్ చేయడమంటే తలనొప్పే. నోడ్ జేఎస్, పోస్ట్‌గ్రెస్, రెడిస్, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్.. ఒక్కోదాని వెర్షన్ సరిచూసుకోవాలి. డాకర్ కంపోజ్‌తో ఆ గొడవ ఉండదు. ఏయే కంటైనర్లు నడవాలో ఒక ఫైల్‌లో, డొమైన్, పాస్‌వర్డ్‌లు మరో ఫైల్‌లో రాసిపెట్టి, ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్ ఒకసారి తెచ్చుకుంటే చాలు. ఒక్క కమాండ్‌తో అన్నీ మొదలవుతాయి. అడ్మిన్ యూజర్ పేరు ‘రూట్’. పాస్‌వర్డ్ అదే తయారుచేసుకుంటుంది, లాగ్‌లో వెతుక్కోవాలి.

డొమైన్ విషయంలో తొందర పనికిరాదు. ఇతర పీర్‌ట్యూబ్ సర్వర్లు ఆ పేరుతోనే వీడియోలను గుర్తుపెట్టుకుంటాయి కాబట్టి తర్వాత మార్చడం చాలా కష్టం.

వీడియోలు, డేటాబేస్ కంటైనర్ బయట వాల్యూమ్ ఫోల్డర్లలో ఉంటాయి. కంటైనర్ తీసేసినా అవి పోవు. అలాగని అప్‌డేట్లను కూడా పూర్తిగా ఆటోమేటిక్ చేసేస్తే మాత్రం ఇబ్బందే. పోస్ట్‌గ్రెస్ 13 ఇమేజ్ స్థానంలో 17 పెట్టేస్తే పాత డేటాతో అది స్టార్ట్ కాదు. పాత వెర్షన్‌లోనే డంప్ తీసి, కొత్తదాంట్లోకి ఎక్కించాలి. అందుకే ఆ వెర్షన్ నంబర్‌ను ఫైల్‌లో స్థిరంగా రాసి ఉంచాలి. పీర్‌ట్యూబ్ కొత్త ఇమేజ్ తెచ్చుకునే ముందు కూడా డేటాబేస్ డంప్‌ను మరో మెషీన్‌కు పంపేలా స్క్రిప్ట్‌లోనే రాసుకోవాలి.