ఎత్తు చెప్పులు

తాతయ్య పావుకోళ్ళ చప్పుడు వినబడగానే అరుగుమీద కూర్చున్న అమ్మమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయేది. వంటింట్లో గొంతులు తగ్గిపోయేవి. మడికి తోలు పనికిరాదని తొడుక్కునే చెక్క చెప్పులవి. బొటనవేలికీ పక్కవేలికీ మధ్య ఓ గుబ్బ. మడి అమ్మమ్మకీ ఉండేది, ఉత్త కాళ్ళతో. (ఇది పైకులం ఇంటి కథే. దళితులు మా వీధిలో చెప్పులు చేత్తో పట్టుకుని నడిచిన రోజులవి.)

ఆ పావుకోళ్ళకు జపానులో ఓ చుట్టం ఉంది, గెతా. గుబ్బకు బదులు పట్టీ, అడుగున రెండు చెక్క దిమ్మలు. వాటిని 'పళ్ళు' అంటారు. కిమోనో అంచుకు బురద అంటకుండా అవి మనిషిని నేలకు ఎత్తుగా నిలబెడతాయి. ఆ ఎత్తులోంచే 'గెతా తొడిగించడం' అనే నుడికారం పుట్టింది. అంటే ఉన్నదానికన్నా ఎక్కువ చేసి చూపడం, మార్కులు కలపడం.

మా విశాఖకు జపాను కొత్తేమీ కాదు. 1942 ఏప్రిల్ 6న ఊరిమీద బాంబులు వేసిందీ వాళ్ళే, తర్వాత మన రేవునుంచి బైలదిల్లా ఇనుప ఖనిజం కొనుక్కుందీ వాళ్ళే. కొత్తవలస-కిరండూల్ రైలుమార్గం 1960లలో వేసింది ఆ ఖనిజం కోసమే. ఇంత రాకపోకల్లోనూ ఈ మాట మాత్రం నాదాకా రాలేదు. 2018లో వచ్చింది.

ఆ ఏడాది టోక్యో మెడికల్ యూనివర్సిటీ ప్రవేశపరీక్షల గుట్టు బయటపడింది. అందరి మార్కులూ 0.8తో గుణించి, తర్వాత మగపిల్లల్లో చాలామందికి 10, 20 చొప్పున కలిపారు. ఆడపిల్లలకు సున్నా. 2006 నుంచే ఈ తంతు. డాక్టరయ్యాక పిల్లల్ని కని మానేస్తారన్నది సాకు. మగవాళ్ళకు గెతా తొడిగారు అన్నమాట!

అది చదివినప్పుడు నా ఉద్యోగపు మొదటిరోజు గుర్తొచ్చింది. పక్క సీటాయన నవ్వుతూ "మహిళా కోటానా మేడమ్?" అన్నాడు. కాదని చెప్పబోయి ఆగిపోయాను. అయితే మాత్రం? ఆయన కాళ్ళకింద తరతరాల చెక్క ఎంత మందమో అడగడానికి అప్పట్లో నా దగ్గర మాట లేదు.

పాదుకలు పద్నాలుగేళ్ళు అయోధ్యను ఏలిన దేశం మనది. తాతయ్యవి ఇప్పుడు అమ్మ పూజగదిలో, పసుపు రాసుకుని ఉన్నాయి. అమ్మమ్మవి ఏవీ మిగల్లేదు. ఆమె మొదటిసారి చెప్పులు కొనుక్కుంది తాతయ్య పోయాక, పూర్ణా మార్కెట్లో. రబ్బరువి. చప్పుడు చెయ్యవు.