ఇశ్రాయేలీయుల ధర్మశాస్త్రము – పరిశుద్ధ జీవనము

క్రైస్తవుల వేదగ్రంథమును మొదటినుండి వరుసగా చదువ సంకల్పించినవారిలో పలువురు మూడవ పుస్తకము దగ్గఱ నాగిపోవుదురు. దానికి లేవీయకాండమని పేరు. అందు 27 అధ్యాయములు కలవు. బలిపశువుల లక్షణములు, తినదగిన జంతువులు, తినరాని జంతువులు, చర్మరోగ పరీక్షలు, యాజకుల నియమములు మొదలగువానితో నది నిండియున్నది. క్రైస్తవులు పశుబలుల నర్పింపరు గదా, ఇంక నీ పుస్తకముతో వారికేమి పని యని యడుగువారు కలరు. ఈ ప్రశ్న నేడు పుట్టినది కాదు; క్రైస్తవ సంఘమెంత ప్రాచీనమో యీ ప్రశ్నయు నంత ప్రాచీనము. దీనికి వేఱువేఱు కాలములయందు వేఱువేఱు ప్రత్యుత్తరములు చెప్పబడినవి. ఆ ప్రత్యుత్తరములను బట్టి బీదల బ్రదుకులు బాగుపడుటయు, చెడుటయు సంభవించెను. కావున దీనిని పండితుల వాదముగా మాత్రమెంచక, యా చరిత్రమును కొంత విచారింపబూనుచున్నాము.

మొట్టమొదట పరిశుద్ధత యను మాట యర్థమును తెలిసికొనవలయును. హెబ్రీ భాషలో 'ఖదోష్' అనగా దేవునికై ప్రత్యేకింపబడినదని భావము. ఈ మాట వినగానే మన చదువరులకు మడి జ్ఞప్తికి వచ్చును. ముట్టరాదు, కలుపరాదు, స్నానము చేసి సాయంకాలమువఱకు వేచియుండవలయును అను విధులు లేవీయకాండమునందును 11వ అధ్యాయము మొదలు 15వ అధ్యాయమువఱకు కలవు. ఆ గ్రంథమును పొగడదలచి వీనిని దాచిపెట్టుట న్యాయము కాదు. అయితే 17వ అధ్యాయమునుండి 26వ అధ్యాయమువఱకు గల భాగమున నీ మాటకు విశాలమైన యర్థము కలిగినది. ఈ భాగమునకు 1877వ సంవత్సరమున క్లోస్టర్మాన్ అను జర్మను పండితుడు పరిశుద్ధతా శాసనమని పేరు పెట్టెను. ఆ పేరే నేటికిని వాడుకలో నున్నది. క్రీస్తునకు పూర్వము 586వ సంవత్సర ప్రాంతమున బబులోను సైన్యములు యెరూషలేమును నాశనము చేసెను. ఈ శాసనము ఆ విపత్తునకు ముందు కూర్పబడెనని కొందఱును, తరువాత కూర్పబడెనని కొందఱును వాదింతురు. వాదమెట్లున్నను, దేవాలయమునే పోగొట్టుకొన్న జాతి యీ శాసనమును పోగొట్టుకొనక కాపాడుకొన్నదనుట నిశ్చయము.

ఈ భాగమంతటికిని హృదయము వంటిది 19వ అధ్యాయము. అది 37 వాక్యముల చిన్న అధ్యాయము. ప్రజలు పరిశుద్ధులై యుండవలయునను నాజ్ఞ యాజకులకు మాత్రమే కాక, సర్వసమాజమునకును వినిపింపవలయునని మోషేకు దేవుడు సెలవిచ్చినట్లు దాని యారంభమున నున్నది. దేవుడు పరిశుద్ధుడు గనుక ఆయన ప్రజలును పరిశుద్ధులై యుండవలయునట. ఎట్లుండవలయునని యడిగినచో, ఆ యధ్యాయమే యుత్తరము చెప్పుచున్నది. తల్లిని, తండ్రిని గౌరవింపవలయును. ఇచట తల్లియే ముందు పేర్కొనబడినది. చేను కోయునపుడు అంచులవఱకు కోయరాదు. రాలిన పరిగె నేరుకొనరాదు. ద్రాక్షతోటలో రాలిన పండ్లను బీదలకును పరదేశులకును విడువవలయును. కూలివాని కూలిని మఱునాటి యుదయమువఱకు నిలుపరాదు. చెవిటివానిని తిట్టరాదు, గ్రుడ్డివాని త్రోవలో నడ్డము పెట్టరాదు. తీర్పు తీర్చునపుడు ధనవంతుని ముఖము చూడరాదు. బీదవాడని పక్షపాతమును చూపరాదు. కొండెములు చెప్పరాదు. పొరుగువానిని తనవలె ప్రేమింపవలయును. తల నెఱసినవాని యెదుట లేచి నిలువవలయును. త్రాసును, తూనికరాళ్లును, కొలపాత్రలును సరిగా నుండవలయును.

వీని నడుమనే రెండు జాతుల విత్తనములు కలిపి చల్లరాదనియు, గడ్డపు టంచులను చెఱుపరాదనియు విధులు కలవు. ఏది ఆచారము, ఏది నీతి యని శాసనకర్త గీత గీయలేదు. ఆజ్ఞాపించువాడు యెహోవాయేనని ఆ చిన్న యధ్యాయమున పదిహేను మారులకు తక్కువగాక జ్ఞాపకము చేయబడినది. బలిపీఠము నొద్ద నున్న దేవుడే కొలపాత్ర నొద్దను నున్నాడని దీని భావము. మడి యనునది వంటయింటితో ముగిసిపోలేదు. అంగడిలోనికిని, పొలములోనికిని, న్యాయసభలోనికిని నడచి వచ్చినది.

ఇవి యెవరో యొకడు తీరికగా కూర్చుండి కల్పించిన నీతులు కావు. యూదా దేశపు త్రవ్వకములలో గుండ్రని తలగల సున్నపురాతి తూనికరాళ్లు పెక్కు దొరకినవి. అవి క్రీస్తునకు పూర్వము ఎనిమిదవ, ఏడవ శతాబ్దములనాటివి. వానిపై తులామానపు గుర్తులు చెక్కబడియున్నవి. ఒక షెకెలు ఇంచుమించుగా 11 గ్రాములకు పైచిలుకు తూగును. ఆ ఎనిమిదవ శతాబ్దముననే ఆమోసు ప్రవక్త, విశ్రాంతిదినమెప్పుడు ముగియునా, చిన్న కొలతతోను దొంగత్రాసుతోను ధాన్యమునెప్పుడు అమ్ముదుమా యని వేచియున్న వర్తకులను నిందించెను. బీదలయొద్ద కుదువ పెట్టించుకొన్న వస్త్రములను పఱచుకొని బలిపీఠముల ప్రక్కన పండుకొనువారిని సైతము అతడు మందలించెను. నిర్గమకాండపు ధర్మము ప్రకారము కుదువ పెట్టించుకొన్న పైవస్త్రమును సూర్యుడస్తమింపకమున్నే తిరిగి యీయవలయును. ఏలయనగా బీదవానికి రాత్రి కప్పుకొనుట కది యొక్కటియే కలదు.

ఈ సందర్భమున 1960వ సంవత్సరమున మధ్యధరా సముద్రతీరమునందలి మెసద్ హషవ్యాహు అను ప్రాచీన దుర్గమునొద్ద దొరకిన యొక కుండపెంకును పేర్కొనవలసియున్నది. దానిపై సిరాతో హెబ్రీ భాషలో నొక విన్నపము వ్రాయబడియున్నది. కాలము క్రీస్తునకు పూర్వము ఏడవ శతాబ్దపు చివరి భాగము. విన్నవించుకొన్నవాడొక కోతకూలి. తాను తనకు నియమింపబడిన కోతను ముగించి ధాన్యమును కొలిచి చేర్చితిననియు, అయినను షోబాయి కుమారుడగు హోషయాహు తన వస్త్రమును లాగికొనెననియు, తోడి కోతగాండ్రు సాక్ష్యమిత్తురనియు, తన వస్త్రమును తిరిగి యిప్పింపవలయుననియు నతడు ఆ దుర్గాధికారిని వేడుకొనెను. అధికారి యేమి తీర్పు చెప్పెనో ఆ పెంకు చెప్పదు. ధర్మశాస్త్రపు మాట యొక్కటియు అందు లేదు. అయినను ఆ శాస్త్రము పలికిన వస్త్రమెట్టిదో, దానిని పోగొట్టుకొన్నవాని దుఃఖమెట్టిదో మనకు కన్నులకు కట్టినట్లు కనబడుచున్నది.

పరిగె విధిని కొంచెము విమర్శింతము. మన సంస్కృత గ్రంథములలో ఉంఛవృత్తి ప్రశంసింపబడినది. రాలిన గింజల నేరుకొని జీవించుట బ్రాహ్మణునకు గొప్ప తపస్సుగా నెంచబడినది. అచట స్తుతి యేరుకొనువానిది. ఇశ్రాయేలీయుల శాస్త్రమునందు విధి పొలము గలవానిది. మోయాబు దేశపు విధవయగు రూతు బేత్లెహేములో బోయజు పొలమున పరిగె యేరి అత్తను పోషించిన కథ యీ విధిని బట్టియే నడచుచున్నది. క్రీస్తు శకము 200 ప్రాంతమున కూర్పబడిన మిష్నా యను యూదుల ధర్మసంగ్రహమున నిందుకొఱకే 'పేయా' యను ప్రకరణము కలదు. చేనియంచున విడువవలసిన భాగము అఱువదింట నొకటికి తగ్గరాదని అందు నిర్ణయింపబడెను. తనకిష్టమైన బీదవానిని పిలిచి యిచ్చుటకు యజమానునికి హక్కు లేదు. వచ్చినవారందఱకును విడిచి తొలగిపోవలయును. ఇందువలన నేమి తేలుచున్నది? ఆ యంచు యజమానుని దానము కాదు. మొదటినుండియు నది అతనిది కానేకాదు. దానము చేసినవాడు పొగడ్త కోరవచ్చును. తనది కానిదానిని విడిచినవానికి పొగడ్తతో పని లేదు.

ఇట్టి శాస్త్రమును యేసు తన బోధకు పునాదిగా గైకొనెను. ప్రధానమైన యాజ్ఞ యేదని యడిగినప్పుడు ఆయన ద్వితీయోపదేశకాండమునుండి దేవుని ప్రేమింపుమను విధిని, లేవీయకాండపు 19వ అధ్యాయమునుండి పొరుగువాని ప్రేమింపుమను విధిని తీసి జోడించెను. రెండవ శతాబ్దపు ప్రారంభమున అకీబా యను యూదమతాచార్యుడును ఈ రెండవ విధినే ధర్మశాస్త్రమునకు మహాసూత్రమని చెప్పెను. క్రీస్తు శకము 49 ప్రాంతమున, అన్యజాతులనుండి వచ్చిన విశ్వాసులు మోషే ధర్మమునంతటిని ఆచరింపవలయునా యని యెరూషలేమున సభ జరిగెను. వారికి సున్నతి యక్కఱలేదనియు, విగ్రహార్పితములు, రక్తము, గొంతు పిసికి చంపిన జంతువులు, వ్యభిచారము అను నాల్గింటిని మాత్రము వర్జింపవలయుననియు సభవారు నిర్ణయించిరి. ఈ నాల్గును లేవీయకాండపు 17, 18 అధ్యాయములలో ఇశ్రాయేలీయుల నడుమ నివసించు పరదేశికి విధింపబడిన నియమములతో సరిపోవుచున్నవని పలువురు పండితులు గుర్తించిరి. కాబట్టి యూదేతరుడగు క్రైస్తవుడు ఈ శాస్త్రములో తన స్థానమును వెదకుకొన్నచో, అతనికి దొరకునది యజమానుని పీఠము కాదు, పరదేశి యాసనము. ఈ సంగతిని సంఘము తరువాత తఱచుగా మఱచినది.

రెండవ శతాబ్దమున మార్సియన్ అనువాడు యూదుల గ్రంథములన్నిటిని త్రోసివేయవలయునని బోధించెను. 144వ సంవత్సరమున రోమా సంఘము అతనిని వెలివేసెను. గ్రంథమట్లు నిలిచినది, కాని దాని విధులలో నేవి నిలుచునను చిక్కు తీరలేదు. పదుమూడవ శతాబ్దమున థామస్ అక్వినాసు ఆ విధులను నీతివిధులు, ఆచారవిధులు, రాజ్యవిధులు అని మూడు తెగలుగా విభజించెను. మొదటి తెగ మాత్రమే శాశ్వతమైనదనియు, తక్కిన రెండును క్రైస్తవులను బంధింపవనియు నొక సిద్ధాంతమేర్పడెను. 1571వ సంవత్సరమున ఇంగ్లాండు సంఘము స్థిరపఱచిన ముప్పదితొమ్మిది సూత్రములలో ఏడవది యీ విభాగమునే యంగీకరించినది. ఈ విభజనమువలన మేలు లేకపోలేదు. పశుబలులును వెయ్యేండ్లనాటి శిక్షలును మరల తలయెత్తకుండ నది కాపాడెను. కాని దానివలన కీడును వచ్చెను. అందుకొక నిదర్శనమును చూపెదము.

సఫొక్ మండలములోని టిమ్‌వర్తు గ్రామమున మేరీ హౌటన్ అను స్త్రీ జేమ్సు స్టీల్ అను రైతు పొలములో, కోత యైన పిదప పరిగె యేరెను. ఆతడు అక్రమప్రవేశమని వ్యాజ్యెము తెచ్చెను. 1788వ సంవత్సరమున లండను నగరపు కామన్ ప్లీస్ న్యాయస్థానమున విచారణ జరిగెను. హేలు, బ్లాక్‌స్టను అను ప్రసిద్ధ న్యాయశాస్త్రజ్ఞులు బీదలకు పరిగె యేరుకొను హక్కు కలదని పూర్వమే వ్రాసియుండిరి. ఈ యాచారము మోషే ధర్మమునుండి వచ్చినట్లున్నదని బ్లాక్‌స్టను సూచించియుండెను. న్యాయమూర్తులు నలుగురు. వారిలో గూల్డు అనునతడొక్కడే మేరీ పక్షమున లేవీయకాండమును ప్రమాణముగా గైకొనెను. ప్రధాన న్యాయమూర్తియగు లఫ్‌బరో ప్రభువును, తక్కిన యిరువురును అట్టి హక్కు లేదనిరి. యూదుల రాజ్యవిధులు తమను బంధింపవనియు, బీదలను పోషించుట మతధర్మమేగాని చట్టము విధించిన బాధ్యత కాదనియు లఫ్‌బరో ప్రభువు వాదించెను. చూచితిరా! గ్రంథమును త్రోసివేయనక్కఱలేకయే, దానిని సరియైన యరలో నుంచి తాళము వేసిన చాలును. అయినను పల్లెలలో నీ తీర్పు వెంటనే ప్రబలలేదు. పందొమ్మిదవ శతాబ్దమునందును పెక్కు గ్రామములలో పరిగెకు వేళయైనదని తెలుపుటకు దేవాలయపు గంట మ్రోగుచునే యుండెను.

ఈ శాస్త్రమంతయు నిర్దుష్టమని మేము చెప్పము. లేవీయకాండపు 25వ అధ్యాయమున అన్యజాతులవారిని కొని దాసులుగా నుంచుకొనుటకు ననుమతి యున్నది. అమెరికా దేశమున దాసులను గలవారు దీనిని చూపి తమ వ్యాపారమును సమర్థించుకొనిరి. కాని ద్వితీయోపదేశకాండపు 23వ అధ్యాయమున, తప్పించుకొని వచ్చిన దాసుని యజమానునికి పట్టి యీయరాదనియు, అతడు కోరినచోట నివసింపనీయవలయుననియు కలదు. బబులోను రాజగు హమ్మురాబి శాసనము ప్రకారము అట్టివానిని దాచినవానికి మరణదండనము. 1850వ సంవత్సరపు అమెరికా చట్టము, పాఱిపోయిన దాసునకు తోడుపడినవానికి వెయ్యి డాలర్లవఱకు జుల్మానాయు, ఆఱు నెలలవఱకు చెఱయు విధించినది. క్రైస్తవులమని చెప్పుకొన్న శాసనకర్తలు ఈ విషయమున మోషేను విడిచి హమ్మురాబి వైపు నిలిచిరి. దాసవిమోచనవాదులు ద్వితీయోపదేశకాండమునే చూపి వారిని నిలదీసిరి. అట్లే పరదేశిని తనవలె ప్రేమింపుమను విధి వేదములో నుండగనే, 1290లో ఇంగ్లాండునుండియు, 1492లో స్పెయిను దేశమునుండియు యూదులు వెడలగొట్టబడిరి. ఆ విధిని లోకమునకిచ్చిన జాతికే ఆ విధి దక్కలేదు.

ఇంతకును నీ ప్రాచీన శాస్త్రమువలన క్రైస్తవుడు నేర్వవలసినదేమి? ఏ విధి నిలిచినది, ఏది తొలగినది యని తెగలు విభజించుకొనుట యొక్కటే చాలదు. ఆ విధి యెవరిని కాపాడుటకు పుట్టినదో, వారు నేడెక్కడ నున్నారో విచారింపవలయును. ప్రార్థనకు పోవునపుడు చేతులు కడుగుకొన్నవాడు తూచునపుడును ఆ చేతులతోనే తూచుచున్నాడని మఱవరాదు. తొలిసంఘపు యాకోబు తన లేఖలో, కోతవాండ్రకు నిలిపిన కూలి దేవుని చెవిని పడుచున్నదని ధనికులను హెచ్చరించుట యీ శాస్త్రమును చదువుకొన్నందువలననే.

ఈ విచారణ క్రైస్తవులకు మాత్రమే చెల్లునని మన చదువరు లనుకొనరాదు. ప్రతి మతమునందును మడికి ఒక గది యుండును. ఆ గదినుండి వాకిలికి వచ్చు త్రోవ యున్నదా లేదా యను ప్రశ్న యొక్కటే. మన యింట పనిచేయువారికి నేటి కూలి నేడు ముట్టినదా యని ప్రొద్దు గ్రుంకకమున్నే విచారించుకొన్నచో, ఆ పాత పుస్తకపు 19వ అధ్యాయములో కొంత చదివినట్లేయగును.