రౌతు ఆలస్యం, రైన్ వైను అదృష్టం

జర్మనీలో రైన్ నది ఒడ్డున, యోహానిస్‌బెర్గ్ కోట ముంగిట, గుర్రమెక్కిన ఒక వార్తాహరుడి విగ్రహం ఉంది. ఆయన యుద్ధం గెలవలేదు, రాజ్యం స్థాపించలేదు. ఒక ఉత్తరం ఆలస్యంగా తెచ్చాడు, అంతే. 1775 శరత్తులో జరిగిన ఆ ఆలస్యానికి 2025తో 250 ఏళ్లు నిండాయి. ఉత్తరం ఆలస్యం చేసినవాళ్లందరికీ మన దగ్గర విగ్రహాలు పెట్టాల్సి వస్తే కూడళ్లు చాలవు.

ఆ ఉత్తరం కోసం కాచుకున్నది రీస్లింగ్ ద్రాక్షతోట. చల్లటి సీమలో పండే ద్రాక్షతో చేసే తెల్ల వైన్లలో రీస్లింగ్‌ది పెద్దపీట. దాని కథ మొదలంటా చెప్పాలంటే రోమన్ల దగ్గరికి పోవాలి. మోజెల్ లోయలో తోటలు వేసింది వాళ్లే. పీపాలు నింపుకొని పోతున్న పడవను మూడో శతాబ్దంలో రాతిలో చెక్కారు. ఆ శిల్పం ఇప్పటికీ ట్రీయర్ మ్యూజియంలో ఉంది. తరవాతి వెయ్యేళ్లు చాలావరకు మఠాలవి. మధ్యలో షార్లమేన్ చక్రవర్తి ఉన్నాడు. ఆయన తన మేడ మీంచి చూస్తే రైన్ నదికి అవతలి యోహానిస్‌బెర్గ్ కొండ మీద మంచు ముందే కరిగిందట, అయితే అక్కడే తోట వెయ్యమన్నాడట. ఇన్ని ‘అట’లున్న చరిత్రను ఎంతవరకు నమ్మాలో పాఠకుల ఇష్టం.

కాగితం మీద రీస్లింగ్ పేరు మొదట కనిపించేది 1435 మార్చి 13న. కాట్సెనెల్న్‌బోగెన్ ప్రభువుగారి రుసెల్స్‌హైమ్ కోట లెక్కల్లో, తోటలో వేసిన రీస్లింగ్ తీగలకు 22 షిల్లింగులని రాశారు. జమాఖర్చు చిట్టా లేకపోతే చరిత్రకారులు ఏమైపోయేవారో! ఆ ఊరు ఇప్పుడు ఒపెల్ కార్లకు ప్రసిద్ధి. అమెరికా వెళ్తూ ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం మారే మనవాళ్లు దాని పక్కనే దిగి, పక్కనుంచే ఎగిరిపోతుంటారు.

ఇక అక్కణ్ణుంచి మూడు శతాబ్దాలు దాటేద్దాం. 1716లో ఫుల్డా అనే ఊరి మఠాధిపతి యోహానిస్‌బెర్గ్‌ను కొన్నాడు. నాలుగేళ్లకు కొండంతా రీస్లింగ్ నాటించాడు. ఆ చోటే ఒక విచిత్రం. ఉత్తరానికి పారే రైన్ నది అక్కడ టౌనస్ కొండలు అడ్డొచ్చి కొంత దూరం పడమటికి తిరుగుతుంది. దాంతో కుడిగట్టు వాలంతా దక్షిణాన ఎండకు ముఖం పెట్టుకొని ఉంటుంది. 50వ అక్షాంశం ఆ తోటల మీదుగానే పోతుంది. హైదరాబాదు 17 దగ్గర ఉందని గుర్తుచేసుకుంటే ఆ చలి ఎంతటిదో అర్థమవుతుంది. అక్కడ రాత్రుళ్లు చల్లబడతాయి కాబట్టి పండు నెమ్మదిగా తీపెక్కుతుంది, పులుపు మాత్రం పోదు. రీస్లింగ్ సొగసంతా ఆ పులుపులోనే ఉంది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. తోట మఠానిది కాబట్టి ఫుల్డా నుంచి అనుమతి పత్రం రానిదే ఒక్క గుత్తి కూడా కోయకూడదు. రెండూళ్ల మధ్య 150 కిలోమీటర్ల పైమాటే. పండు నమూనాలు తీసుకొని రౌతు వెళ్లాలి, మఠాధిపతి రుచి చూడాలి, సంతకం చేయాలి, రౌతు తిరిగి రావాలి. 1775లో ఆ గద్దె మీద ఉన్నది హైన్రిష్ ఫాన్ బీబ్రా. వెళ్లిన రౌతు ఎంతకీ రాలేదు. చుట్టుపక్కల ఊళ్లలో కోతలైపోయాయి, గానుగలు ఆడేశాయి. కొండ మీద మాత్రం గుత్తులు తీగకే వేలాడుతూ బూజు పట్టి, ముడతలు పడి, గోధుమరంగుకు తిరిగాయి. తోటల పెత్తనం చూస్తున్న యోహాన్ మిషాయెల్ ఎంగెర్ట్ వాటిని చూస్తూ ఎన్ని రాత్రులు నిద్రపోలేదో!

రౌతు ఎందుకు ఆలస్యమయ్యాడు? దారిదోపిడీ అంటారు కొందరు. దారిలో ఒక అమ్మాయి తగిలిందంటారు ఇంకొందరు. మఠాధిపతి వేటకు వెళ్లాడన్నది మూడో మాట. నా ఓటు వేటకే. సంతకం పెట్టాల్సిన పెద్దమనిషి సీట్లో లేడంటే నమ్మడానికి వేరే ఆధారం ఎందుకు?

మొత్తానికి వారాల తరవాత అనుమతి వచ్చింది. కుళ్లినా సరే, కోసి పిండమన్నాడు ఎంగెర్ట్. 1776 ఏప్రిల్ 10న నేలమాళిగలో పీపాలోంచి తీసి రుచి చూశారు. ఇలాంటి వైను ఇన్నాళ్లలో నోట పెట్టలేదని అప్పుడు రాసిపెట్టుకున్న మాట ఇప్పటికీ ఉంది. ఆ తరవాత ఆలస్యం అలవాటైంది. ష్పేట్‌లేజ, అంటే ఆలస్యపు కోత, సీసా మీదికెక్కింది.

రహస్యం ఆ బూజులోనే ఉంది. బోట్రైటిస్ అనే శిలీంధ్రం పండు తొక్కకు కంటికి కనిపించని బెజ్జాలు పెడుతుంది. పొద్దున పొగమంచు, మధ్యాహ్నం ఎండ ఉంటే లోపలి నీరు ఆవిరై తీపీ పులుపూ చిక్కబడతాయి. వానలు పట్టుకుంటే మాత్రం అదే బూజు తోటను నాశనం చేస్తుంది. ఈ కిటుకు హంగరీలోని టొకాయ్ వాళ్లకు అంతకు ముందు శతాబ్దంలోనే తెలుసన్న సంగతి యోహానిస్‌బెర్గ్‌లో గట్టిగా అనకపోవడమే మర్యాద.

బెల్లం ఆవకాయ తిన్నవాళ్లకు రీస్లింగ్ తీపి లెక్క వేరే చెప్పక్కర్లేదు. పులుపు గట్టిగా ఉంటే తీపి మొహం మొత్తదు. గ్లాసు ముక్కు దగ్గర పెడితే ముందు నిమ్మతొక్క, ఆకుపచ్చ ఆపిల్ వాసన వస్తాయి. ఎండ ఎక్కువ తగిలిన ఏడాదిదైతే పీచ్ పండు పలుకుతుంది. పదేళ్లు నిలవున్న సీసా తీస్తే కిరోసిన్‌కు దగ్గరి వాసన ఒకటి వస్తుంది. కొత్తవాళ్లు పాడైందనుకొని పారబోస్తారు, అలవాటైనవాళ్లు దానికే డబ్బు పెడతారు. మింగాక నాలుక రెండు పక్కలా నీళ్లూరాలి. ఊరకపోతే ఎంత ఖరీదు పెట్టినా దండగే. మరీ గడ్డకట్టే చలిలో ఇస్తే వాసన నోరు విప్పదు. 8 నుంచి 10 డిగ్రీలు చాలు.

కొనేటప్పుడు పేర్లు తికమక పెడతాయి గానీ, ఆల్కహాలు శాతం చాలావరకు దారి చూపిస్తుంది. 8 దగ్గరుంటే తీపి మిగిలుందని, 12 దాటితే తీపి మిగలని పొడి రకమని ఎంచుకోవచ్చు. ‘ట్రోకెన్’, అంటే పొడి, అని ఉంటే లీటరుకు 9 గ్రాములకు మించి చక్కెర ఉండదు.

మళ్లీ కొండ సంగతికి వస్తే, 1775 దాకా దాని కథ నిటారుగా నడిచింది. ఆ తరవాత నెపోలియన్ వచ్చి మఠం ఆస్తులు పోయాయి. 1816లో ఆస్ట్రియా చక్రవర్తి ఈ కొండను తన మంత్రి మెటర్నిక్‌కు ఇచ్చాడు, దిగుబడిలో పదో వంతు తమకు చెల్లించాలని షరతు పెట్టి. పంతొమ్మిదో శతాబ్దంలో లండన్ దొరలు రైన్ వైనుకు ఫ్రాన్సులోని బోర్డో వైన్ల సరసన ధర పెట్టారు. 1942లో బాంబులు పడి కోట కూలింది. మళ్లీ కట్టారు. యుద్ధం తరవాత చవక తీపి వైను జర్మనీ పేరును సూపర్‌మార్కెట్ అడుగు అరలోకి దించింది. 1971 చట్టం వేల కొద్దీ తోటల పేర్లు చెరిపేసి, వైను నాణ్యత మెట్లన్నీ రసంలోని చక్కెర కొలతకు కట్టేసింది. ఏ కొండ, ఎవరి చేయి అన్నది వెనకబడింది. మంచి రైతులు విసిగి పొడి రకాలకు మళ్లారు. ఇప్పుడక్కడి పిల్లల్లో చాలామంది తాతల తీపిని చూసి నవ్వుతారు.

ఈలోగా వాతావరణమే తిరగబడింది. ఒకప్పుడు పండు పండుతుందో లేదోనని అక్టోబరు దాకా ఆకాశం వంక చూసేవాళ్లు, ఇప్పుడు తీపి మరీ ఎక్కిపోతుందని సెప్టెంబరులోనే కత్తెరలు పట్టుకుంటున్నారు. తీగ మీదే గడ్డకట్టిన పండుతో చేసే ఐస్‌వైనుకు మైనస్ 7 డిగ్రీల చలి కావాలి. 2019 కోతకు జర్మనీలోని 13 వైను ప్రాంతాల్లో ఒక్కచోట కూడా అంత చలి పడలేదు. ఎండ చాలదని పాతవాళ్లు వదిలేసిన పక్కలోయలకు ఇప్పుడు గిరాకీ వచ్చింది. అన్నిటికన్నా తేలికైన కాబినెట్ రకం చేయడమే కష్టమైపోయింది. తాతల నాడైతే రెండు మెట్లు పైన పెట్టేంత తీపి రసాన్ని కూడా కాబినెట్ పేరుతో అమ్ముతున్నారు. పాత పద్ధతి పులుపు కావాలనుకునేవాళ్లు 2021 సీసా వెతుక్కోవాలి. ఆ ఏడాది చలి బాగా పడింది.