ధ్వనిముద్రికలు - ఊరిపేరులు

1902 నవంబరులో గ్రామఫోను కంపెనీవారి పక్షమున ఫ్రెడరిక్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ పాటలను ముద్రించెను. ఆ ముద్రణములు ఓడనెక్కి జర్మనీలోని హానోవరునకు పోయి, అచట రికార్డులుగా అచ్చయి మరల మనదేశమునకు వచ్చెను. పాట పుట్టినది కలకత్తాలో, రికార్డు పుట్టినది హానోవరులో. పట్టిక వ్రాయువారు "స్థలము" అను గడిలో ఏ యూరు వ్రాయవలెను?

ఒక్క గడి చాలదనుటయే దీనికి సమాధానము. రామదాసు కీర్తనను మదరాసులో పాడవచ్చును. రికార్డు కలకత్తాలో అచ్చు కావచ్చును. కీర్తనలోని కోవెల భద్రాచలమునందున్నది. మూడును నిజములే. ఏ యూరు దేనికి సంబంధించినదో చెప్పనిచో మూడును అబద్ధములగును.

కాలము తెచ్చిపెట్టు చిక్కు మరియొకటి గలదు. శ్రీరామనవమినాడు భద్రాచల కల్యాణవ్యాఖ్యానమును రేడియోలో ఆలకించిన తెలుగు గృహములు పెక్కులు. ఆ క్షేత్రము గోదావరియొడ్డు విడిచి ఒక్క యడుగైనను కదలలేదు. దానిని ఏలు సీమల పేరులే మారినవి. 1953 అక్టోబరు 1 వరకు అది మదరాసు రాష్ట్రమున తూర్పుగోదావరి జిల్లాలోనిది, పిమ్మట ఆంధ్రరాష్ట్రములోనిది, 1956 నవంబరు 1 నుండి ఆంధ్రప్రదేశ్‌లోనిది. 1959లో ఖమ్మము జిల్లాలో చేరినది. 2014 జూన్ 2 నుండి తెలంగాణ రాష్ట్రమునకును, 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాకును చెందినది. 1955 నాటి ముద్రికకు నేటి జిల్లాపేరు మాత్రమే వ్రాసినచో ఆనాటి కాగితములతో పొత్తు కుదరదు. ఆనాటి పేరు మాత్రమే వ్రాసినచో నేడు వెదకువారికి దొరకదు.

కావున అట్టపైనున్న పేరును ఉన్నదున్నట్లు దింపుకొని, ప్రక్కనే నేటి పేరును జిల్లాను చేర్చుట ఉత్తమము. బందరనినను మచిలీపట్టణమనినను ఊరొక్కటే. ఒక పేరును ప్రధానముగ నిలిపి, రెండవదానికడ "మచిలీపట్టణము చూడుము" అని వ్రాసిన చాలును. కొత్తపల్లులు మాత్రము అనేకములు. జిల్లా తెలుపనిచో అది ఏ కొత్తపల్లియో ఎవరెరుగుదురు?

ఇది గుమాస్తాల చాదస్తము కాదు. దంపుళ్ళపాట ముద్రికపై "తెలుగు జానపదగేయము" అని మాత్రమే యున్నచో, అందలి యాస ఏ సీమదో తేల్చుట దుస్సాధ్యము. పాడిన ముసలమ్మ గతించును. ఊరు తెలియనిచో ఆ గొంతు ఆమె మనుమల చెవిని చేరు దారియే మూసికొనిపోవును.

మీ యింట పాత రికార్డులో టేపులో యున్నచో, తెలిసిన పెద్దలుండగనే అడిగి, పాడినదెవరో, ఏ యూరనో, ఏ యేడనో అట్టపై వ్రాసియుంచుడు.