నాపరాయి పరచిన వాకిలి

మాచర్ల దాటి నాగార్జునసాగరమునకు పోవు బాటలో ఎత్తిపోతల కలదు. ఈ మాట వినినంతనే నేటివారికి నీటిని ఎత్తిపోయు యంత్రములు, పథకములు స్ఫురించును. ఇచ్చట నీటిని ఎత్తువారెవ్వరును లేరు. చంద్రవంక తనంతట తానే డెబ్బది అడుగుల ఎత్తునుండి దూకి, లోయలోబడి, కృష్ణలో కలియబోవుచున్నది. ప్రేక్షకులు జలపాతమును చూతురు, మడుగులోని మొసళ్ళను చూతురు, మరలిపోదురు. మేము గత చలికాలమున అచ్చటికి పోయినప్పుడు నీటికంటె ఎక్కువసేపు రాతిని చూచితిమి. దానికొక కారణము కలదు. అంతకు కొన్నినెలల ముందు మా పెరటిలో మేము స్వహస్తములతో బండలు పరచి, భంగపడి యుంటిమి.

ఆ కథ కొంత చెప్పక తప్పదు. మా తండ్రిగారు పాఠశాలలో ఉపాధ్యాయులు. తీరిక వేళల వడ్రంగపుపని వారికి ప్రాణము. వారు గతించిన పిమ్మట వారి బాడిస, చిత్రిక, రంపములు, ఉలులు ఒక చెక్కపెట్టెలో మాకు సంక్రమించినవి. పట్టణపు అద్దెయిండ్లలో ఆ పెట్టెను మంచముక్రింద దాచుచు ఇరువది ఏండ్లు గడపితిమి. తుదకు మాకును నాలుగు గజముల పెరడు ఏర్పడినది. అందొక చిన్న పనికొట్టము కట్టి, దాని ముందు పదునారడుగుల పొడవు, పండ్రెండడుగుల వెడల్పుగల వాకిలిని పల్నాటి నాపరాళ్ళతో పరపవలెనని సంకల్పించితిమి. కూలి పెట్టుటకు ధనము లేక కాదు. తండ్రి పనిముట్లకు ఇల్లు కట్టుటలో అన్యుల చేయి ఏలయను పంతము మాది.

రెండడుగుల చదరపు బండలు నలువదియెనిమిది లారీపై వచ్చి దిగినవి. ఒక్కొక్కటి ఒకటిన్నర అంగుళము మందము. బరువు ముప్పదియైదు కిలోలకు పైమాట. మన్ను తీసి, దిమ్మిసతో కొట్టి, ఇసుక పోసి, దారము పట్టి, రసమట్టము పెట్టి, ఆరు ఆదివారములలో పని ముగించితిమి. వాకిలి అద్దమువలె నుండెను. రసమట్టములోని బుడగ ఏ బండపై పెట్టినను నడుమనే నిలిచెను. అతుకులను సిమెంటుతో గట్టిగా పూడ్చితిమి. వచ్చినవారెల్లరకును ఆ బుడగను చూపి సంతసించితిమి. ఆషాఢములో మొదటి పెద్దవాన కురిసిన రాత్రి ఆ నీరు ఎటుపోవలెనో తెలియక కొంతసేపు నిలిచి, పిమ్మట పనికొట్టములోనికి పోయెను. తెల్లవారి తలుపు తీయునప్పటికి మా తండ్రిగారి పెట్టె జానెడు నీటిలో నుండెను.

దానిని అట్లుంచి, రాతి సంగతి చూతము. ఎత్తిపోతలనుండి మాచర్ల, రెంటచింతల, దాచేపల్లి, పిడుగురాళ్ళ వరకు ఎటుపోయినను ఈ సీమకు రాయియే సంపద, రాయియే శత్రువు. కోట్ల సంవత్సరములకు పూర్వము సముద్రపు అడుగున సన్నని బురద పొరలు పొరలుగా పేరుకొని గట్టిపడుటచే ఏర్పడిన సున్నపురాయి ఇది. పొరగా ఏర్పడినది గనుక పొరగానే విడిపోవును. ఒడ్డునుండి సన్నని మేకులు వరుసగా దిగగొట్టి గడ్డపారతో ఎత్తినయెడల, పనివాడు చెక్కకమునుపే సగము చదునైన పలక చేతికి వచ్చును. ప్రకృతియే సగముపని చేసిపెట్టిన రాయి గనుకనే, రంపములు యంత్రములు లేని కాలమున సైతము, సామాన్య గృహస్థు ఇంటికి ఇది చేరగలిగెను. దానిని కాల్చినచో సున్నము. మరియొక తీరున కాల్చి పొడిచేసినచో సిమెంటు. పిడుగురాళ్ళ సున్నపుబట్టీలకు పేరు పొందినది. మాచర్లలో సిమెంటు కర్మాగారము 1958లో పని ప్రారంభించినది. నేలకు పరచు పలకయు, దానిని అతుకు సున్నమును, సిమెంటును ఒకే రాతి బిడ్డలు.

శ్రీనాథమహాకవి పల్నాటికి వచ్చి ఈ రాళ్ళను చూచి విసుగుకొన్నాడని లోకములో ప్రసిద్ధి. ఆయన పేర చెల్లు చాటువులలో నాగులేటి నీటితోపాటు నాపరాళ్ళు కూడ ఈ సీమ కష్టముల పట్టికలో చేరినవి. సన్నబియ్యపు అన్నమునకు అలవాటుపడిన కవికి జొన్నకూడు, రాతినేల రుచింపకపోవుట సహజమే. కాని ఆయనకు వేయియేండ్లకు పైగా ముందే, ఈ రాతిని నేలకు పరచుట ఒక పుణ్యకార్యమని తలచి, ఆ మాటను ఆ నేలమీదనే చెక్కించిన గృహిణి ఒకతె ఈ కృష్ణాతీరముననే యుండెను.

ఆమె పేరు బోధిసిరి. కాలము క్రీస్తుశకము మూడవ శతాబ్ది. ఎత్తిపోతలకు కొలది దూరములో, నేడు నాగార్జునసాగర జలాశయము పరచుకొనియున్న లోయలో, ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వెలసియుండెను. 1926లో సూరపరాజు వెంకటరామయ్యయను ఉపాధ్యాయుడు అచ్చటి పురాతన స్తంభమును చూచి ప్రభుత్వమునకు తెలిపెను. మదరాసు శాసనశాఖలో తెలుగు సహాయకుడుగా నున్న రంగస్వామి సరస్వతి పిమ్మట వచ్చి పరిశీలించెను. 1927 మొదలు 1931 వరకు లాంగ్‌హర్స్టు త్రవ్వకములు జరపెను. అప్పుడు బయల్పడిన ప్రాకృతశాసనములను వోగెల్ పండితుడు చదివి ప్రకటించెను. వానిలో నహరాళ్ళబోడు అను గుట్టపైనున్న చైత్యగృహపు రాతినేలపై చెక్కిన శాసనమే బోధిసిరిది. వీరపురుషదత్తుని పదునాలుగవ రాజ్యసంవత్సరమున, తామ్రపర్ణి, అనగా సింహళదేశపు ఆచార్యులకొరకు, ఆమె ఈ చైత్యగృహమును కట్టించినట్లు అందు కలదు. ఆమె రాణి కాదు. గోవగామమునకు చెందిన గృహపతి కుటుంబములోని ఉపాసిక.

ఆమె దానముల జాబితాను చదువునప్పుడు మాకొక ఇల్లాలి పద్దుపుస్తకము చూచినట్లే యుండెను. ఒకచోట ఒక గది, వేరొకచోట మూడు గదులు, ఇంకొకచోట ఏడు గదులు, ఒకచోట చెరువు, వసారా, మండపము, మరొకచోట రాతిమండపము. తన వారి పేర్లన్నియు వరుసగా చెప్పి పుణ్యమును వారికి పంచినది. ఇన్నిటి నడుమ చైత్యగృహమును వర్ణించుచు అది ‘పటసంథరము’తో, అనగా పరచిన రాతిపలకల నేలతో కూడినదని ప్రత్యేకముగా చెప్పినది. గోడలున్నవని చెప్పలేదు, పైకప్పున్నదని చెప్పలేదు, అవి ఉండుట మామూలే. పలకలు పరచిన నేల చెప్పుకొనదగినదిగా ఆమెకు తోచినది. విజయపురిలోని ఇండ్లు చాలవరకు అడుసుతో పేర్చిన మోటురాతి గోడలవి. అట్టి ఊరిలో నున్నగా పరచిన రాతినేల ఎంత గొప్పయో ఊహింపవచ్చును.

శాసనము చివర మూడు పేర్లు, ఆపైన ఒక పేరు కలవు. చందముఖ, ధమ్మనంది, నాగ అను ముగ్గురు స్థవిరులు పనిని పర్యవేక్షించినవారు. నేటి మాటలో చెప్పవలెనన్న ఇంజనీర్లు. ఆ తరువాతి పేరు విధికుడు. ఇతడు శిలావర్ధకి, అనగా రాతిపనివాడు. దాతల పేర్లు, రాజుల పేర్లు శాసనములందు కొల్లలుగా దొరకును. ఉలిపట్టిన చేతి పేరు దొరకుట అరుదు. పదునేడు వందల ఏండ్ల క్రిందట పల్నాటిరాతిని మలచినవారిలో ఒక్కని పేరైనను మనకు తెలియుట చిన్నవిషయము కాదని మా తలంపు.

ఇంటిపట్టుననే పనిశాల యుండుట కూడ ఆ పురికి కొత్తకాదు. 1954 మొదలు 1960 వరకు, జలాశయములో మునిగిపోవుటకు ముందు, ఆర్. సుబ్రహ్మణ్యముగారి ఆధ్వర్యవమున లోయనంతను త్రవ్వి పరిశోధించినప్పుడు, ఆ శిథిలములలో ఒక స్వర్ణకారుని పనిశాల బయల్పడెను. మూసలు, గీటురాయి, నగల అచ్చులు అందు దొరకినవి. ఎవరో ఒకనాడు పని ఆపి, లేచి, మరల రాలేదు. మంచముక్రింద పనిముట్లపెట్టెను ఇరువదియేండ్లు దాచిన మాబోటివారికి ఆ వార్త పుస్తకములోని వార్తవలె తోచదు.

ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసెను. నీరు నిలిచిన పిదప విజయపురి మునిగినది. అంతకుముందే ముఖ్యమైన కట్టడములను కొన్నిటిని రాయి రాయిగా విప్పి, కొండపైకి, కుడిగట్టుననున్న అనుపువద్దకు చేర్చి తిరిగి పేర్చిరి. అనుపులో నేడు మనము చూచు రంగస్థలము, విహారములు అట్లు వచ్చినవే. నేలబండలను విప్పి మరల పరచుట ఎంతపనియో మాకు అప్పటికి అనుభవమైనది గనుక, అనుపులోని రాతిమెట్లపై కూర్చుండి చాలసేపు వాని అతుకులనే చూచితిమి. మాతో వచ్చిన పిల్లలు మాత్రము విసుగుకొనిరి.

మా వాకిలిని విప్పించినవాడు పల్నాటి తాపీమేస్త్రీ. డెబ్బదికి చేరువైన వయస్సు. అతని తండ్రితాతలు నాపరాతి పనివారే. వచ్చి, చెప్పులు విడిచి, బండలపై అటునిటు నడిచి, ఒక చెంబెడు నీళ్ళడిగెను. త్రాగుటకని ఇచ్చితిమి. అతడు వానిని వాకిలి నడుమ పోసి చూచుచు నిలుచుండెను. నీరు కదలలేదు.

“బండ బాగా పరిచారయ్యగారూ. మట్టం తప్పలేదు. అదే తప్పు. నేల మన కంటికి చదునుగా ఉండాలి గాని, నీటి కంటికి చదునుగా ఉండకూడదండీ” అనెను.

నాలుగడుగులకు ఒక అంగుళము చొప్పున, పండ్రెండడుగులకు మూడంగుళములు, పనికొట్టము గడపనుండి మొక్కలవైపునకు వాలు ఉండవలెనట. ఆ మూడంగుళములు చూచువానికి తెలియవు, నీటికి తెలియును. ఇసుకకు క్రింద కంకరపొర వేయకపోవుట మా రెండవ తప్పు. అతుకులను సిమెంటుతో బిగించుట మూడవది. వేసవిలో రాయి వేడెక్కి కొంచెము సాగును. రెంటచింతల యెండలు ఆంధ్రదేశమున పేరుపడ్డవి గదా. ఆ సీమవారు అతుకును సున్నముతో పూడ్తురు. సున్నము రాతితోపాటు కొంత సర్దుకొనును, సిమెంటు సర్దుకొనదు, చోటు చాలనప్పుడు బండయే లేచును. ఇందులో కొంత శాస్త్రము, కొంత అనుభవము కలదు. సున్నములో పాలెంత, ఇసుకయెంత అని అడిగితిమి. అతడు తాపీతో కలిపి, ఎత్తి, జారవిడిచి, “ఇట్లా జారాలి” అనెను. కొలత అంతే.

ఈ సందర్భమున గృహిణులకొక మాట. నాపరాయి సున్నపురాయి గనుక పులుపు దానికి విషము. నిమ్మరసము, చింతపండు పులుసు ఒలికినచో వెంటనే నీళ్ళతో కడుగవలెను; లేనిచో మచ్చ తినివేయును. మరకలు పోవునని యాసిడ్డు పోసి తోముట కొన్ని ఇండ్లలో మేము చూచితిమి. మరకతోపాటు రాతి నునుపు కూడ పోయి, ఆ తరువాత ప్రతి మరకయు లోనికి దిగును.

నలువదియెనిమిది బండలను లేపితిమి. అతికించిన సిమెంటువలన అయిదు విరిగినవి. మేస్త్రీ చెప్పగా మేము, మా పెద్దవాడు మోసితిమి, అతడు పరచెను. స్వహస్తములతోనే చేయవలెనన్న పంతము అప్పటికి చల్లారినది. నిజమునకు పల్నాటి పల్లెలలో ఇల్లు కట్టుకొనువాడు ఒంటరిగా ఎన్నడును కట్టుకొనలేదు. రాయి తోలుట, మన్ను త్రొక్కుట, నీరు మోయుట ఇంటివారి పని. గోడమూల, గడప, నేలమట్టము మేస్త్రీ పని. ఏది మన చేతిపని, ఏది అతని చేతిపని అను వివేకము ఆ పాత ఏర్పాటులోనే యుండెను. మేము పుస్తకము చదివి దానిని కోల్పోయితిమి.

బండ లాగు యంత్రములు, కోయు యంత్రములు వచ్చినప్పటినుండి నునుపుచేసిన పలక దూరదేశములకు పోవుచున్నది. ఉలితో పలక చదునుచేయువారు తగ్గుచున్నారు. మేస్త్రీ కుమారుడు పట్టణములో టైల్సు పరచునట. ఆ మాట చెప్పినప్పుడు అతని గొంతులో దుఃఖము లేదు. “వాడిది పొడిపనండీ, దుమ్ము తక్కువ” అనెను. రాతిదుమ్ము పీల్చినవారి దగ్గును ఎరిగినవాడు గనుక ఆ మాటలోని బరువు అతనికే తెలియును.

మా తండ్రిగారి పెట్టె అడుగుచెక్క ఉబ్బి ఊడిపోయినది. రంపములకు త్రుప్పు పట్టినది. నూనె, ఇటుకపొడి పెట్టి రుద్ది చాలవరకు పోగొట్టితిమి. ఒక చిత్రిక మాత్రము పగిలినది. దాని ఇనుపపలుగును తీసి, క్రొత్తకొయ్యలో అమర్చితిమి. పట్టు కొంచెము వంకర.

పని ముగిసిననాడు మేస్త్రీకి విధికుని కథ చెప్పితిమి. అంతటి పూర్వకాలపు రాతిపనివాని పేరు నేటికిని నేలపై నిలిచెనని విని అతడు సంతోషించెను. నీ పేరు కూడ ఒక బండపై చెక్కుమని కోరితిమి.

“నేల మీద పేరేంటండీ, తొక్కుతారు” అని నవ్వి, చెంబెడు నీళ్ళు గడపవద్ద పోసెను. నీరు వాలువెంట మొక్కలలోనికి పోయెను. పిమ్మట ఉలి తీసికొని పనికొట్టము ద్వారమువద్ద కూర్చుండి, లోపలివైపు నిలువురాతిపై, కాలు తగులని ఎత్తున, మూడక్షరములు చెక్కెను.